ప్రశ్నల వర్తకము: సూరతు, బందరు

తెలుగువారు నలుగురు చేరిన చోట మాటల నడుమ ఒక ప్రశ్న పుట్టక మానదు. పూర్వము పొడుపుకథ విప్పుమనెడివారు. సమస్య నిచ్చి పూరింపుమనెడివారు. ఇప్పుడు కార్యాలయములలో తేనీటి వేళ సామాన్య జ్ఞానమునకు చెందిన ప్రశ్న నొకదానిని విసరుచున్నారు. జవాబు చెప్పినవారు ఊరకుండరు. తామును ఒక ప్రశ్న అప్పగింతురు. ఇదియు ఒక విధమైన ఇచ్చిపుచ్చుకొనుటయే. వర్తకమునకు పేరుపొందిన సూరతు నగరమున ఉద్యోగరీత్యా కాపురమున్న మనకు ఈ చిన్న వర్తకపు చరిత్ర కొంత తెలిసియుండుట ఉచితము.

ఈ ఆట యొక్క నేటి రూపము చాలవరకు బ్రిటిష్ టెలివిజన్ ద్వారా మనకు వచ్చినది. బి.బి.సి. సంస్థ 1936 నవంబరు 2వ తేదీన లండనులోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుండి టెలివిజన్ ప్రసారములను క్రమముగా ఆరంభించెను. 1962 సెప్టెంబరులో గ్రెనడా సంస్థ ‘యూనివర్సిటీ ఛాలెంజ్’ అను పోటీని ప్రారంభించెను. అమెరికాలోని ‘కాలేజ్ బౌల్’ దీనికి మాతృక. విశ్వవిద్యాలయ విద్యార్థులు నలుగురేసి జట్టుగా కూర్చుండి, మీట నొక్కి జవాబు చెప్పుదురు. 1987 వరకు అందు ప్రశ్నలడిగిన బాంబర్ గాస్కోయిన్ మొగలు చక్రవర్తులను గూర్చి 1971లో ‘ది గ్రేట్ మొగల్స్’ అను గ్రంథమును వెలువరించిన రచయిత కూడ.

1972లో బి.బి.సి. ‘మాస్టర్‌మైండ్’ వచ్చెను. దీనిని రూపొందించిన బిల్ రైట్ రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటిష్ వైమానిక దళమున పనిచేసి, జర్మనులకు బందీగా చిక్కెను. గెస్టాపో వారు తన్ను విచారించిన రీతియే ఆయన మనస్సున నిలిచి ఈ పోటీకి ఆకారమైనది. చుట్టును చీకటి, నడుమ ఒంటరిగా ఒక నల్లకుర్చీ, ముఖముపై వెలుగు, ఎడతెగని ప్రశ్నలు. మనము వినోదముగా చూచినదాని వెనుక ఒక బందీ యనుభవించిన వేదన కలదు.

ఈ దృశ్యము తెలుగువారికి పూర్తిగా క్రొత్తది కాదు. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు అవధానిని చుట్టుముట్టుదురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు నిషిద్ధాక్షరితో అడుగడుగున అడ్డుపడుదురు. ఒకరు అప్రస్తుత ప్రసంగముతో ధ్యాస చెదరగొట్టుదురు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గార్లు ఈ విద్యను సంస్థానముల కొలువులకును జనసామాన్యమునకును సమానముగా ప్రీతిపాత్రము గావించిరి. ఐతే రెండింటికిని ఒక ముఖ్య భేదము కలదు. మాస్టర్‌మైండ్‌లో జవాబు ప్రశ్నించువాని కాగితముపై ముందే వ్రాయబడి యుండును. అవధానమున అవధాని పుట్టించు వరకు ఆ పూరణము లోకములోనే లేదు.

మన దేశమున టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకముగా మొదలయ్యెను. 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ బహిరంగ క్విజ్ పోటీలకు నాంది పలికెను. 1985లో సిద్ధార్థ బసు ‘క్విజ్ టైమ్’ దూరదర్శన్ ద్వారా ఇల్లిల్లు చేరెను. 1998లో ఆయనయే మాస్టర్‌మైండ్ యొక్క భారతీయ రూపమును నడపిరి. అదే యేడు బ్రిటన్‌లో ఆరంభమైన కోటీశ్వరుల పోటీ 2000 జూలై 3న అమితాబ్ బచ్చన్ ముఖతః హిందీలోనికిని, 2014లో నాగార్జున ముఖతః తెలుగులోనికిని దిగివచ్చెను.

క్విజ్ మాటలతోపాటు ఆనాటి బ్రిటిష్ హాస్య నాటికల స్మృతులును మన సంభాషణలలో దొర్లుచుండును. 1977లో వెలువడిన ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ పలుదేశములవారు ఒక తరగతిలో ఇంగ్లీషు నేర్చుకొనుచు పడు పాట్లను చూపినది. 1993లో దూరదర్శన్ దీని ఛాయలో హిందీలో ‘జబాన్ సంభాల్కే’ను ప్రసారము చేసెను. గుజరాతీ మాట్లాడబోయి తెలుగు యాసతో నలుగురిని నవ్వించిన వారికి ఆ తరగతి పరాయిది కాదు. 1980 నాటి ‘యెస్ మినిస్టర్’ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మంత్రి యడిగిన చిన్న ప్రశ్నకు కార్యదర్శి సర్ హంఫ్రీ ఊపిరి తిరుగని దీర్ఘవాక్యముతో జవాబీయకయే జవాబిచ్చును. దస్త్రముల నడుమ జీవించు కేంద్ర ప్రభుత్వోద్యోగి దానిని మరువగలడా?

ఆ కాలమున వీడియో టేపులు ఖరీదైనవి కావున, వానినే తుడిచి మరల వాడెడివారు. 1960 దశకమునాటి బి.బి.సి. కార్యక్రమములనేకము ఇట్లు నశించినవి. కొన్నిటికి నేడు మిగిలినది చూచినవారి ధారణ మాత్రమే. నలుగురితో చెప్పుకొన్నంత కాలమే ఆ ధారణయు నిలుచును.

ఇక సూరతువారికిని తెలుగువారికిని సమానముగా చెందిన ప్రశ్న నొకదానిని చూతము. భారతదేశమున ఆంగ్లేయుల మొదటి వర్తకస్థావరమేది? ఎక్కువమంది తడుముకొనక సూరతు అందురు. విలియం హాకిన్స్ ‘హెక్టర్’ ఓడపై 1608 ఆగస్టులో సూరతు రేవు చేరి, జహంగీరు కొలువునకు వెళ్లిన మాట నిజమే. ఐనను పోర్చుగీసుల ప్రాబల్యము వలన స్థిరమైన అనుమతి చేకూరలేదు. 1612 చివరలో సువాలీ వద్ద థామస్ బెస్ట్ పోర్చుగీసు ఓడల నెదిరించి నిలిచిన పిమ్మట, 1613 ఆరంభమున జహంగీరు ఫర్మానా వారికి అందెను.

ఈ నడుమ 1611లోనే ఆంథొనీ హిప్పన్ నాయకత్వమున ‘గ్లోబ్’ అను ఓడ మన తీరమునకు వచ్చి, మచిలీపట్టణమున, అనగా మన బందరులో, వర్తకము నెలకొల్పెను. అప్పుడు గోల్కొండను ఏలుచున్నవాడు మహమ్మద్ కులీ కుతుబ్ షా. డచ్చివారు అంతకు ముందే 1605లో బందరు చేరియుండిరి. కావున మొదట అడుగిడిన రేవు సూరతు. మొదట వ్యాపారము కుదిరిన చోటు బందరు. మొగలు చక్రవర్తి యనుమతితో స్థిరపడిన తొలి కొఠీ సూరతు. ‘మొదటి’ అను ఒక్క మాటలో మూడర్థములున్నవి. ఒక్క పదముతో జవాబు చెప్పి, మార్కు వేసికొని ముందునకు పోయినచో ఈ చరిత్ర యంతయు మరుగుపడును.

రెండు చోట్లకును వారిని రప్పించిన ముఖ్య ఆకర్షణలలో ఒకటి బట్ట. కోరమండల తీరమున నేసిన బట్టలును, అద్దకపు వస్త్రములును తూర్పు ద్వీపములకు పోయి, అచట సుగంధ ద్రవ్యములకు మారకమయ్యెడివి. గుజరాతు బట్టలు సూరతు నుండి పడమటి సముద్రముపై పయనించెడివి. నాడు నేతగాని బట్ట కొఱకు విదేశీయుడు వచ్చెను. తరువాతి కాలమున మరనేత పని కొఱకు తెలంగాణము నుండి పద్మశాలి కుటుంబములు వేలుగా సూరతు చేరినవి. లింబాయత్, ఉధ్నా ప్రాంతములలో నేడును తెలుగు మాట వినవచ్చుచున్నది. ఇచటి నగరపాలక ప్రాథమిక పాఠశాలల బోధన భాషలలో తెలుగు ఒకటి.

ఆ పిల్లలకు మనము ఏ ప్రశ్నలు అప్పగించుచున్నాము? ఎత్తైన శిఖరము, పొడవైన నది, ఆటగాని పరుగుల సంఖ్య వారికి కంఠస్థమే. తమ తాత మగ్గము విడిచి ఊరేల దాటెను, బందరు బట్ట యెచ్చటికి పోయెను అను ప్రశ్నలను వారి నడిగినవారు అరుదు. అడుగని ప్రశ్న తుడిచివేసిన టేపు వంటిది. కొంతకాలమునకు జవాబు చెప్పగలవారును మిగులరు.

కావున మన సాంస్కృతిక సమాజములలో క్విజ్ పోటీలు జరుపునపుడు జవాబు రాగానే గంట కొట్టి ముందునకు సాగక, ఆ జవాబు వెనుకనున్న కథ చెప్పుటకు రెండు నిమిషముల వ్యవధి నిచ్చుట మేలు. ఒక్కొక్క పోటీకి వృద్ధుడైన నేతపనివాని నొకరిని పృచ్ఛకునిగా ఆహ్వానించుట మఱింత మేలు. ఆయన ప్రశ్నలకు జవాబులు ఏ కాగితముపైనను వ్రాసియుండవు. అవి వినగోరువారు ఆయన చెంత కూర్చుండవలసినదే.