పత్తర్‌గట్టీ - మన పెద్దలు మిగిల్చిన బాట

మన సంఘ సభ్యులలో చాలామంది జిల్లాల నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడినవారే. మా చిన్నతనంలో "పట్నం పోతున్నాం" అంటే పత్తర్‌గట్టీకి పోతున్నామనే అర్థం. పెండ్లి బట్టలకైనా, రంజాన్ బట్టలకైనా అబ్బాజాన్ మమ్మల్ని అక్కడికే తీసుకుపోయేవారు. నయాపూల్ దాటి నాలుగడుగులు వేస్తే రోడ్డుకు రెండు పక్కలా రాతి కమాన్ల వరుస, వాటి నీడలో మల్గీలు, ఎదురుగా దూరాన చార్మినార్. అప్పుడు మా కండ్లు బట్టల మీదనే ఉండేవి. ఆ రాళ్లకొక చరిత్ర ఉన్నదనే ధ్యాస మాకెక్కడిది?

ఆ చరిత్రను ఈ సంచిక ద్వారా నాలుగు మాటల్లో చెప్పుకుందాం.

హైదరాబాదు నగరానికి 1591లో పునాది పడింది. హిజ్రీ వెయ్యో సంవత్సరం మొదలైన రోజులవి. గోల్కొండ అయిదవ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్‌షా ఆజ్ఞ మీద, ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చిన పేష్వా మీర్ మోమిన్ నగరానికి నక్షా గీశారని ప్రసిద్ధి. నాలుగు దారులు కలిసే చోట చార్మినార్ లేచింది. దానికి ఉత్తరాన నడుమ నీటి హౌజు, దాని చుట్టూ నాలుగు కమాన్లు కట్టారు. ఆ హౌజునే ఇప్పుడు గుల్జార్‌హౌజ్ అంటున్నాం. ఉత్తరపు వైపున్న మఛలీ కమాన్ దాటితే మన పత్తర్‌గట్టీ వస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించవలసి ఉన్నది. నగరానికి నాలుగేండ్లు నిండాయో లేదో, 1595లో దారుల్‌షిఫా కట్టారు. నడుమ విశాలమైన ఆవరణ, చుట్టూ రెండంతస్తుల గదులు. అక్కడ యునానీ వైద్యం ఉచితంగా చేసేవారు. హకీములు వైద్యం చేస్తూనే విద్యార్థులకు నేర్పేవారు. రాజు అన్నవాడు కోటలూ, మహళ్లూ కట్టుకోవటంలో వింత లేదు. ఊరు ఇంకా పూర్తిగా స్థిరపడక ముందే రోగుల కోసం ఇంత పెద్ద ఇల్లు కట్టారంటే, వాళ్లు ఊరంటే ఏమనుకున్నారో అర్థమవుతుంది.

మదీనా చౌరస్తాకు దగ్గరలోనే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉన్నది. అదీ ఆ రోజుల్లో కట్టినదే. దాని గోడల మీది రంగురంగుల పింగాణీ పలకల పని చూడటానికి రెండు కండ్లు చాలవు. 1687లో గోల్కొండ మొగలుల వశమైనాక ఇది ఎద్దులబండ్లు నిలిపే చోటుగా మారిపోయిందని చెబుతారు. తిరిగి ఆసఫ్‌జాహీల కాలంలో దానికి ఆదరణ దొరికింది. కట్టడానికి కూడా మనిషిలాగానే మంచి రోజులూ, చెడ్డ రోజులూ ఉంటాయి.

ఇక 1908 సెప్టెంబరు 28 సంగతి. ఆ రోజు మూసీ నది పొంగి నగరం నడిబొడ్డును ఊడ్చేసింది. సుమారు పదిహేను వేల మంది చనిపోయారని లెక్క. అఫ్జల్‌గంజ్ దవాఖానా కొట్టుకుపోయింది. దాని ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆషూర్‌ఖానాలోకి కూడా నీరు చేరి కింది వరుసల పలకలు పాడయ్యాయి. అప్పటి నిజాం మహబూబ్ అలీఖాన్ నిరాశ్రయుల కోసం తన మహళ్ల తలుపులు తెరిపించారు. హిందువని, ముసల్మానని ఎవరూ అడగలేదు. నీరు అడిగిందా, అన్నం పెట్టేవాళ్లు అడగటానికి?

ఆ దెబ్బ తరువాతనే నగరం కొత్త రూపు దిద్దుకున్నది. 1909లో ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా తీసుకున్నారు. దాని ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. 1912లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ నగర అభివృద్ధి కోసం ప్రత్యేకంగా ఒక మండలిని ఏర్పాటు చేశారు. గాలి, వెలుతురు లేని ఇరుకు సందులు తీసివేయటం, రోడ్లు వెడల్పు చేయటం, బీదలకు ఇండ్లు కట్టించటం దాని పని. ఆ పనిలో భాగంగానే పత్తర్‌గట్టీ రాతి బజారు నిర్మించబడింది. 'పత్థర్' అంటే రాయి. కింద మల్గీలు, పైన ఇండ్లు, ముందు కమాన్ల వసారా. కొనేవాడికి ఎండా తగలదు, వానా తగలదు. ముస్లిములు, మార్వాడీలు, బోహ్రాలు, ఇంకెందరో పక్కపక్కనే కూర్చుని వ్యాపారం చేసుకున్న బజారిది.

ఆ వరుసకు మొదట్లోనే మదీనా బిల్డింగ్ కనిపిస్తుంది. 1940లలో అల్లాద్దీన్ కుటుంబంవారు దానిని వక్ఫ్‌గా కట్టించారు. మల్గీల అద్దెలు మదీనా మునవ్వరాలోని బీదలకు చేరాలన్నది ఉద్దేశం. ఇప్పటి పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. అక్కడ చమురు సంపద రాక ముందు, మన బజారు కిరాయి అక్కడి బీదవాడి ఆకలి తీర్చాలని తలచారన్నమాట!

ఇంత చెప్పాక ఇప్పటి స్థితి కూడా చెప్పాలి. దారుల్‌షిఫా చాలామందికి బస్తీ పేరుగానే తెలుసు. పాత కట్టడంలో మిగిలింది శిథిలమై ఉన్నది. 2024 మార్చిలో పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన జరిగింది. ఆ దారి దారుల్‌షిఫా, పురానీ హవేలీ మీదుగా, మీర్ మోమిన్ దాయెరా వైపుగా పోతుంది. రోడ్డు వెడల్పు కోసం 2025 జనవరిలో కూల్చివేతలు మొదలయ్యాయి. ఊరికి రైలు కావలసిందే, కాదనలేము. కాని ఇల్లు పోయే రోజున కాగితం ఉన్నవాడి మాటే నిలుస్తుంది.

మా ఇంటి సంగతే చెబుతాను. మా తాతగారి పెట్టెలో ఉర్దూ, ఫార్సీ కాగితాలు కట్టలుగా ఉండేవి. చదవటం ఎవరికీ రాలేదు. ఇల్లు మారేటప్పుడు తూకానికి అమ్మేశాం. అందులో ఏమున్నదో ఇక ఎప్పటికీ తెలియదు. ఆ పాపంలో నాకూ భాగమున్నది.

కనుక సభ్యులకు నా మనవి ఒక్కటే. మీ ఇండ్లలో పాత దస్తావేజులు, వక్ఫ్‌నామాలు, ఫోటోలు ఉంటే పారేయకండి. చదవగలిగిన పెద్దలు ఉండగానే చదివించి, తెలుగులో రాయించి పెట్టుకోండి. ఒక ఆదివారం పిల్లలను పత్తర్‌గట్టీకి తీసుకుపోండి. బట్టలు కొనివ్వండి, తప్పులేదు. కొన్న తరువాత ఒకసారి తలెత్తి ఆ కమాన్లను చూపించండి. రోగికి మందు, బీదవాడికి అన్నం, విద్యార్థికి చదువు అంటూ మనం చేస్తున్న పని కొత్తదేమీ కాదనీ, ఈ ఊరు పుట్టిన నాలుగో ఏటనే మొదలైందనీ వాళ్లకు చెప్పండి.