పిడికెడు పౌరుషం

పక్కింటావిడ కుక్కపిల్ల నెత్తిన ఎర్ర రిబ్బను చూసి, "ఇది కుక్కా, బొమ్మా?" అని నవ్వేదాన్ని. దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిశాక నోరు మూసుకున్నాను.

యార్క్‌షైర్ టెర్రియర్ పుట్టింది దొరసానుల ఒళ్లో కాదు సుమండీ! పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండు నుంచి పొట్ట చేతపట్టుకుని ఉత్తర ఇంగ్లండు మిల్లులకు వలసొచ్చిన నేతవాళ్లు తమ చిన్న కుక్కల్నీ వెంట తెచ్చుకున్నారు. వాటి సంతతే ఇది. చేసే పనల్లా ఎలుకలు పట్టడం! 1865లో పుట్టిన హడర్స్‌ఫీల్డ్ బెన్ ఈ జాతికి మూలపురుషుడు. పాపం, బండి కింద పడి 1871లోనే పోయాడు. సంపన్నుల ఒడీ, ఈ రిబ్బనూ తరవాత తరవాత వచ్చినవే.

అయినా పౌరుషం పోలేదు. 1944లో, యుద్ధం మధ్య, న్యూగినీ అడవిలో ఓ గుంటలో దొరికిన స్మోకీ రెండు కిలోలైనా తూగదు. అంత పిట్టా ఫిలిప్పీన్స్‌లో రన్‌వే కింద 70 అడుగుల ఇరుకు గొట్టంలోంచి టెలిగ్రాఫ్ తీగ లాక్కెళ్లింది. లేకుంటే జవాన్లు బాంబుల భయంలో రోజుల తరబడి నేల తవ్వాల్సొచ్చేది.

మొన్న పక్కింటావిడ ఊరెళ్తూ, "రెండ్రోజులు మీ దగ్గరుంచుకుంటారా?" అంది. సరేనన్నాను. రాత్రి వంటింట్లో అలికిడైతే నాకంటే ముందు అదే లేచింది. పొద్దున్న రిబ్బను ముడి నేనే వేశాను.