మొదటి దెబ్బ

మన చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరుగుతుండగా చూసినవారికి అర్జునుడి తపస్సు సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఊరి బయట ఆకాశాన్నంటేట్టు ఒక మాను పాతుతారు. అర్జున వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఒక్కొక్క మెట్టే పైకెక్కుతాడు. కింద బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో కాచుకుని ఉంటారు, పైనుంచి అతను విసిరే ప్రసాదం కోసం. చుట్టూ ఊరూ, పొరుగూళ్ళూను. అంత ఎత్తున ఊగులాడే చోట ఆయన గుండె ఎంత గట్టిదో అనుకుంటాం గానీ, అసలు కష్టం పైన కాదనీ, మొదటి మెట్టు మీద కాలు పెట్టేటప్పుడేననీ నా అనుమానం. ఎక్కడమంటూ మొదలెడితే తక్కినది పద్యమే చూసుకుంటుంది.

గోల్ఫు ఆటలో ఇలాంటి మొదటి మెట్టు ఒకటుంది. దాన్ని 'మొదటి టీ' అంటారు. తాగే టీ కాదు లెండి. బంతిని నిలబెట్టే చిన్న మేకునూ టీ అంటారు, ఆ మేకు గుచ్చే జాగానూ టీ అనే అంటారు. ఆట చూడబోతే మన గోళీలాటకి దూరపు చుట్టం. కర్రతో బంతిని కొట్టుకుంటూ పోయి గుంటలో వెయ్యాలి. గుంటలు 18. ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వారిది గెలుపు. క్రికెట్టులో అయితే బంతి మీదికి వచ్చేస్తుంది, భయపడడానికి కూడా తీరిక ఉండదు. ఇక్కడ బంతి కదలదు మెదలదు. మీరెప్పుడు కొడతారా అని నింపాదిగా కూర్చుని ఉంటుంది. ఆ నింపాదే మనిషిని చంపుతుంది.

ఆట పాతదే. జనం విలువిద్య మానేసి దీని వెంటపడుతున్నారని స్కాట్లాండు రాజు రెండవ జేమ్సు 1457లోనే నిషేధించాడు. మన దేశానికి 1829లో కలకత్తాకి వచ్చింది. బ్రిటిషు దీవుల బయట అన్నిటికన్నా పాత క్లబ్బు అదే. మనకి పలమనేరు, కోలారు దాటితే తగిలే బెంగుళూరులో 1876లో పెట్టారు.

ఈ ఆటకి పుట్టిల్లనదగ్గ ఊరు స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్. అక్కడి ఓల్డ్ కోర్సులో మొదటి టీ వెనకాలే క్లబ్బు భవనం. పెద్ద పెద్ద కిటికీలు, వాటి వెనక పెద్ద పెద్ద మనుషులు. క్లబ్బుకి కొత్త కెప్టెను వచ్చినప్పుడల్లా సెప్టెంబరులో ఒక తంతు జరుగుతుంది. ఆయన ఆ టీ దగ్గర నిలబడి ఒకే ఒక్క దెబ్బ కొట్టాలి. అదే క్షణంలో ఫిరంగి పేలుతుంది. ఎదురుగా బారులు తీరిన కేడీలు బంతి కోసం పరుగెత్తుతారు. దొరికించుకున్నవాడికి బంగారు నాణెం. 1922లో వేల్సు యువరాజుకి కూడా ఈ పరీక్ష తప్పలేదు. రాజ్యమేలబోయేవాడైనా బంతి ముందు ఒంటరివాడే గదా.

చిత్రమేమిటంటే ఆ మొదటి గుంట దారి చాలా తేలిక. పక్కనున్న పద్దెనిమిదో దారీ, ఇదీ కలిసిపోయి మైదానమంత వెడల్పు. ఇసుక గుంటలు ఒక్కటీ లేవు. కళ్ళు మూసుకుని కొట్టినా ఎక్కడో చోట పడుతుందంటారు. సరిగ్గా అక్కడే 1995 ఓపెన్ పోటీలో ఇయాన్ బేకర్-ఫించ్ అనే ఆస్ట్రేలియా ఆటగాడు ఆ వెడల్పంతా దాటించి ఎడమవైపు హద్దు అవతలికి కొట్టాడు. అనామకుడేం కాదు, 1991లో అదే పోటీ గెలిచిన మొనగాడు. పక్కన ఆడుతున్నది ఆర్నాల్డ్ పామరు. చూసినవారు నవ్వారో, జాలిపడ్డారో గానీ, 1997లో ఆయన మొదటి రోజే 92 దెబ్బలు తిని పోటీ నుంచి తప్పుకున్నాడు. చేతుల్లో విద్య ఎక్కడికీ పోలేదు. టీ దగ్గరికి వచ్చేసరికి అది పలికేది కాదు, అంతే.

బాబీ జోన్సు కథ వేరు. అంతటివాడికీ పోటీ రోజుల్లో తిండి సహించేది కాదు, పౌన్లకి పౌన్లు బరువు తగ్గిపోయేవాడు. 1921లో ఇదే సెయింట్ ఆండ్రూసులో ఆట మధ్యలో విసిగి వదిలేసి పోయాడు. 1927లో అక్కడికే వచ్చి గెలిచాడు. 1930లో ఆ ఏటి నాలుగు పెద్ద పోటీలూ గెలిచి, 28 ఏళ్ళకే పోటీలకి దణ్ణం పెట్టేశాడు. ఆ బెదురు ఇంక భరించలేకనే అని నేను నమ్ముతాను.

ఆ బెదురు ఎక్కడినుంచి వస్తుందంటారా? పులి ఎదురైతే పరుగెత్తడానికి ఒళ్ళు చేసుకునే ఏర్పాటే ఇది. అడ్రినలిన్ ఊరుతుంది, గుండె దడదడలాడుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, వేళ్ళు చల్లబడి కర్రని బిగబట్టుకుంటాయి. పరుగెత్తడానికి అన్నీ సిద్ధం. పాపం, ఇక్కడ పరుగెత్తే పని లేదు, మెత్తగా ఒక ఊపు ఊపాలి. అందుకని తెలిసిన ఆటగాళ్ళు ఊపిరి నెమ్మదిగా బయటికి వదులుతారు. పిడికిలి సడలిస్తారు. దూరం పోయే పెద్ద కర్ర పక్కన పెట్టి, తాము నమ్మే చిన్న కర్ర తీస్తారు. మైదానమంతా చూడకుండా దూరాన ఒక కొమ్మనో, కిటికీనో గురిపెట్టుకుంటారు. ద్రోణుడి దగ్గర అర్జునుడు చెట్టునీ కొమ్మనీ వదిలేసి పిట్ట కన్నే చూశాడే, అదన్నమాట. వీటన్నిటికన్నా ముఖ్యం, ప్రతి దెబ్బకీ ముందు ఒకే వరసలో ఒకే పనులు చెయ్యడం. వెనక నిలబడి చూడ్డం, రెండడుగులు, ఒక ఉత్తుత్తి ఊపు, తర్వాత దెబ్బ. తిరుపతి గంగమ్మ జాతరలో వేషం కట్టుకున్న పిల్లవాణ్ణి చూడండి. ఇంట్లో నోరు విప్పనివాడు వీధంతా తనదే అన్నట్టు తిరుగుతాడు. ఆ వరస కూడా ఒక వేషమే. వేషంలో ఉన్నంతసేపు భయపడే మనిషి లోపలెక్కడో ఉంటాడు గానీ పని మాత్రం వేషమే చేస్తుంది.

పోటీలు మానిన జోన్సు జార్జియాలో ఒక పాత పూలమొక్కల తోట కొని ఆగస్టా నేషనల్ క్లబ్బు పెట్టాడు. 1934 నుంచి మాస్టర్సు పోటీ అక్కడే. ప్రతి గుంటకీ ఒక మొక్క పేరు. మొదటిదాని పేరు 'టీ ఆలివ్'. 2023లో ఆ మొదటి టీ మీద మొదటిసారి ఒక తెలుగింటి పిల్లవాడు నిలబడ్డాడు. పేరు సాహిత్ తీగల. తల్లిదండ్రులు హైదరాబాదు నుంచి వెళ్ళినవారు, పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో.

అతనికి అప్పటికే దెబ్బలు తగిలి ఉన్నాయి. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్సులో గెలుపు అందేంత దూరంలో ఉండగా పదిహేడో గుంట దగ్గర బంతి గెంతి నీళ్ళలో పడింది. ఆట అయ్యాక తల్లిదండ్రుల్ని పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నాలుగు నెలలకి కనెక్టికట్టులో ఒక్క దెబ్బ ముందంజలో ఉండి ఆఖరి గుంటకి వచ్చి, ఇసుకలో చిక్కుకుని పోగొట్టుకున్నాడు. అలాంటివాడు ఆగస్టాకి మొదటిసారి వెళ్ళి తొమ్మిదో స్థానం పంచుకున్నాడు. ఆఖరి రోజు పదహారో గుంట దగ్గర పచ్చిక అంచునుంచి కొట్టిన బంతి వాలు మీద మెలికలు తిరుగుతూ పోయి గుంటలో పడితే జనం కేకలు పెట్టారు.

ఆ సెప్టెంబరులోనే కాలిఫోర్నియా నాపాలో జరిగిన పోటీలో ఆఖరి రోజు ముందంజతో మొదటి టీ దగ్గరికి వచ్చాడు. ఈసారి నీళ్ళూ, ఇసుకా అడ్డం రాలేదు. రెండు దెబ్బల తేడాతో మొదటి టైటిలు గెలిచాడు.