గిలాబా కింద తారీఖ్

మేం కొన్న మకాన్ ఎప్పుడు కట్టిందో దస్తావేజులో లేదు. హైదరాబాద్ పాతబస్తీలో, మూసీకి దక్షిణాన, ఒక ఇరుకు గల్లీ చివర ఉంటుంది. మందం గోడలు, కమాన్ల దాలాన్, ముందు చిన్న సెహన్, పైన టేకు కడీల ఛత్. ఇది తుగ్యానీకి ముందు ఇల్లని మొహల్లా బుజుర్గులు అంటారు. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరదకు తట్టుకు నిలిచిందని చెప్పుకోని పాత ఇల్లు పాతబస్తీలో దొరకదు కాబట్టి ఆ మాటను నేను అదబ్‌తో విని వదిలేశాను. మాకు అమ్మిన ఖాందాన్‌కు ముందు ఇంకో రెండు ఖాందాన్లు ఇందులో ఉండి వెళ్లాయన్నది మాత్రం ఖాయం. లింకు డాక్యుమెంట్లలో వాళ్ల దస్తఖత్‌లు ఉన్నాయి. గోడల లోపల వాళ్ల మరమ్మత్‌లు ఉన్నాయి.

కొన్నప్పుడు ఇల్లు ముస్తాబు చేసిన దుల్హన్‌లా ఉంది. నున్నటి సిమెంట్ గిలాబా, గులాబీ రంగు, నడుము ఎత్తు దాకా టైల్స్. ఒక్క బర్సాత్ గడిచింది. టైల్స్‌కు సరిగ్గా పైన, గోడ పొడుగునా తెల్లటి ఉప్పు పూత పూసింది. రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. మా బావమరిది చూసి ఒకటే మాట అన్నాడు: “భాయ్‌జాన్, పురానా మకాన్, ఉమర్ అయిపోయింది. కూలగొట్టి జీ ప్లస్ టూ వేద్దాం.” ఆయన తెచ్చిన బిల్డర్ కూడా గోడ మీద చెయ్యి వేసి అదే అన్నాడు. గోడ మీద చెయ్యి వేసి ఇంకోలా చెప్పిన బిల్డర్‌ను నేనింకా చూడలేదు.

నా బేగం వాళ్ల అమ్మీజాన్ మాట మీద ఒక ముసలి మిస్త్రీని పిలిచాం. చూనా పని తెలిసిన మనిషి, అందరూ చాచా అంటారు. ఆయన తాపీ వెనక వైపుతో గోడ మీద అక్కడక్కడా కొట్టి, చెవి ఆనించి విన్నాడు. కొన్నిచోట్ల ఠంగుమంది, ఎక్కువ చోట్ల డొల్లగా మోగింది. “సాబ్, ఇది గోడ ఐబ్ కాదు, మరమ్మత్ ఐబ్” అన్నాడు. ఆయన కొడుకు ఉలితో ఒక మూల గిలాబా ఊడదీస్తే రొట్టె ముక్కలా ఒకే పలకగా ఊడివచ్చింది. లోపల పాత చూనా తడిసి, చేత్తో నలిపితే నలిగేలా ఉంది.

ఎందుకు తడిసిందో తెలియాలంటే చూనా సంగతి కొంచెం చెప్పాలి. మన వాళ్లు చూనా అన్నా, ఊళ్లలో డంగు సున్నం, గానుగ సున్నం అన్నా ఒకటే. సున్నపురాయిని బట్టీలో కాలుస్తారు. నీళ్లు పోసి చల్లారుస్తారు, వారాల తరబడి నానబెడతారు. తర్వాత ఇసుకో, ఇటుక పొడి అంటే సుర్ఖీయో కలిపి గుండ్రటి గానుగ కాలువలో ఎడ్లతో రాతిచక్రం తిప్పించి రుబ్బుతారు. బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం, మారేడు గుజ్జు, మినప్పిండి, కోడిగుడ్ల తెల్లసొన, ఒక్కో మిస్త్రీది ఒక్కో నుస్ఖా. గోడకెక్కిన చూనా గాలిలోని బొగ్గుపులుసు వాయువును నిదానంగా పీల్చుకుంటూ మళ్లీ రాయిగా మారుతుంది. దీనికి నెలలు పడుతుంది, మందం గోడ లోపలైతే ఏళ్లు. అసలు సంగతి ఏమిటంటే, చూనా గోడ నీటిని అడ్డుకోదు, తాగుతుంది. బునియాద్ నుంచి తేమ ఎక్కుతుంది, గోడ ముఖం మీద నుంచి గాలికి ఎగిరిపోతుంది. వానాకాలం తాగి ఎండాకాలం వదిలేస్తుంది. గోల్కొండ, చార్మినార్ నాటి మేమార్లకు ఈ లెక్క తెలుసు. అందుకే గోడలను అంత మందంగా పెట్టారు, రోషన్‌దాన్లు అంత పైన పెట్టారు.

ఆ గోడకు సిమెంట్ గిలాబా వేస్తే మనిషికి ప్లాస్టిక్ షేర్వాణీ తొడిగినట్టే. తేమ ఎక్కడం ఆగదు, బయటికి వచ్చే దారి మాత్రం మూసుకుపోతుంది. గిలాబా ఆగిన చోటు దాకా ఎక్కి, సందు దొరికిన చోట ఉప్పుతో సహా బయటికి వస్తుంది. మా ఇంట్లో టైల్స్‌కు పైన తెల్లటి గీత పడింది అందుకే. చెమ్మ వచ్చినప్పుడల్లా ముందు మాలిక్‌లు టైల్స్‌ను ఇంకో వరస పైకి పెంచారు. మూడు వరసలు, మూడు రకాల రంగులు. చెమ్మ కూడా మూడుసార్లు పైకి ఎక్కింది.

పైన సంగతి ఇంకా అజీబ్. దాలాన్‌లో తెల్లటి ఫాల్స్ సీలింగ్ ఉంది. దాన్ని తీస్తే రెండు కడీల చివర్లు గోడలో పుచ్చిపోయి ఉన్నాయి. వాటి కింద రైలుపట్టా ముక్క ఒకటి అడ్డంగా పెట్టి, చివర్లను కంకర్‌తో బిగించారు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు కమాన్ భుజం చీలింది. ఛత్ మీద నీరు పోవడానికి ఉన్న రాతి పర్నాలాలు మూడింట్లో రెండు మూసేశారు, ఒకదానికి శీతల పానీయం సీసా దూర్చి ఉంది. ఛత్ మీద తారు, దాని మీద సిమెంట్, మళ్లీ తారు, మళ్లీ సిమెంట్. చీలికలో కుక్కిన ఉర్దూ అఖ్బార్ ముక్కలు దొరికితే అమ్మీజాన్ ఏమైనా ఆయత్‌లు ఉన్నాయేమోనని ముందు తడిగుడ్డతో తుడిచి చూశారు. ట్రాన్సిస్టర్ రేడియో ఇష్తెహార్ ఉంది.

ఇదంతా చూసి ముందు మాలిక్‌ల మీద నాకు గుస్సా రాలేదంటే అబద్ధం. కానీ ఆ పొరలను ఒక్కొక్కటే తీస్తుంటే వాటిలో ఏ పొర ఎప్పటిదో అర్థమవుతూ వచ్చింది. కింది పొర సిమెంట్ ఇసుకలా రాలిపోయింది. దానికి ఒక వజహ్ ఉంది. మన దేశంలో సిమెంట్ ధర, పంపిణీ చాలా ఏళ్లు సర్కార్ కంట్రోల్‌లో ఉండేవి. పర్మిట్ లేనిదే బస్తా దొరికేది కాదు. 1982 ఫిబ్రవరిలో సగం, 1989 మార్చిలో పూర్తిగా కంట్రోల్ ఎత్తేశారు. మహారాష్ట్రలో ఒక ముఖ్యమంత్రి సిమెంట్ కోటా ఆరోపణల మీద 1982 జనవరిలో కుర్చీ దిగారంటే బస్తా విలువ ఏమిటో ఊహించుకోండి. పర్మిట్ లేని మధ్యతరగతి మనిషి బ్లాక్‌లో రెండు బస్తాలు కొని, నాలుగు బస్తాల ఇసుక ఎక్కువ కలిపి, జుమ్మా సెలవు పూట తనే తాపీ పట్టుకుంటాడు. మా గోడ కింది పొర అలాంటి చేతిదే. దాని మీద ఉన్న మందం పొర మాత్రం ధారాళంగా వేసింది. మొహల్లా వాళ్ల లెక్క ప్రకారం అది ఆ ఇంటి పెద్ద కొడుకు జెద్దా వెళ్లిన తర్వాతిది. 1970ల చమురు బూమ్ తర్వాత ఖలీజ్ నుంచి వచ్చిన ప్రతి డ్రాఫ్ట్ పాతబస్తీలో ముందు ఒక గోడకు సిమెంట్ అయింది. పుఖ్తా ఇల్లు అంటే సిమెంట్ ఇల్లు అన్న మాట అప్పుడే స్థిరపడింది. చూనా గరీబీ గుర్తు అయిపోయింది. చూనా మిస్త్రీలు సెంట్రింగ్ పనికి వెళ్లిపోయారు.

ఇది చిన్న ఇళ్ల జబ్బు మాత్రమే కాదు. ఢిల్లీలో హుమాయూన్ మక్బరా ఛత్ కారుతోందని 20వ శతాబ్దంలో కాంక్రీట్ మీద కాంక్రీట్ పోస్తూ పోయారు. 2007 తర్వాత ఆగా ఖాన్ ట్రస్ట్ వాళ్లు మరమ్మత్ మొదలుపెట్టి ఆ ఛత్ మీద నుంచి సుమారు 10 లక్షల కిలోల కాంక్రీట్ చేతి పనిముట్లతో దించారు. అంత బరువును ఆ గోడలు మోశాయి! మన గోల్కొండ దగ్గరి కుతుబ్ షాహీ గుంబజుల మీద కూడా 2013 నుంచి అదే పని జరిగింది, సిమెంట్ తీయడం, చూనా పూయడం. మా చాచా మేనల్లుడు అక్కడే పని నేర్చుకున్నాడు. నా లెక్కలో ఆ ప్రాజెక్టు పాతబస్తీకి చేసిన పెద్ద మేలు గుంబజులు కాదు, ఇలాంటి కుర్రవాళ్లు.

కుతుబ్ మినార్‌దైతే వేరే కిస్సా. 1368లో పిడుగు పడితే ఫిరోజ్ షా తుగ్లక్ పై అంతస్తులు కట్టించాడు, 1505లో సికందర్ లోదీ మరమ్మత్ చేయించాడు. 1803 భూకంపంలో శిఖరం పడిపోయింది. 1828లో మేజర్ రాబర్ట్ స్మిత్ అనే అంగ్రేజ్ ఇంజనీర్ తన సొంత పసంద్ కొద్దీ బెంగాలీ ఫ్యాషన్ ఛత్రీ ఒకటి నెత్తిన పెట్టాడు. 1848లో గవర్నర్ జనరల్ హార్డింజ్ దాన్ని దింపించాడు. ఇప్పటికీ అది పక్కన పచ్చికలో కూర్చుని ఉంటుంది. వెళ్లినవాళ్లు దానితో సెల్ఫీ దిగి వస్తారు, అదేమిటో తెలియకుండానే.

మరమ్మత్‌కు వినయం కావాలంటే ఔరంగజేబ్ ఖత్ చూడాలి. 1652లో, తాజ్ మహల్ పని ముగిసీ ముగియకముందే, దక్కన్‌కు వెళ్లే దారిలో ఆగ్రాలో ఆగి తండ్రి షాజహాన్‌కు రాశాడు. పెద్ద గుంబజ్ ఉత్తరం వైపు వానకు కారుతోంది, కమాన్లు, చిన్న గుంబజులు తడుస్తున్నాయి, కింది గదుల్లో పగుళ్లు వచ్చాయి అని పేరుపేరునా చెప్పాడు. ఒకచోట మరమ్మత్ అయిందనీ, అది పనిచేసిందో లేదో వచ్చే వానాకాలం చెబుతుందనీ కూడా రాశాడు. లోపం దాచలేదు, బాగైపోయిందని దావా చేయలేదు.

మన దగ్గర ఇల్లు అమ్మేవాళ్లు సరిగ్గా దీనికి ఉల్టా చేస్తారు. అమ్మకానికి పెట్టేముందే రంగు వేస్తారు. ఫిఖహ్‌లో దీనికి ఒక బాబ్ ఉంది, ఖియారుల్ ఐబ్ అంటారు. దాగి ఉన్న లోపం తర్వాత బయటపడితే కొన్నవాడికి సౌదా రద్దు చేసే హక్ ఉంటుంది. మదీనా బజార్‌లో ధాన్యం రాశిలో హజ్రత్ రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) చెయ్యి పెడితే లోపల తడి తగిలిన హదీస్ అందరికీ తెలిసిందే. పైన పొడి, లోపల తడి. మా గోడ కూడా అదే. అయినా నేను వాపసు అడగలేదు. మాకు అమ్మినవాళ్లకు ఆ గోడ లోపల ఏముందో మా కంటే ఎక్కువ తెలుసనిపించలేదు. చెమ్మ వచ్చింది, సిమెంట్ వేశారు, మళ్లీ వచ్చింది, మళ్లీ వేశారు.

మేం ఏం చేశామంటే, కూలగొట్టలేదు. సిమెంట్ గీకేశాం. గోడలను మొత్తం ఒక ఎండాకాలం అలాగే బోసిగా వదిలేశాం. పిల్లలు, మేం, అమ్మీజాన్ అందరం రెండు గదుల్లో సర్దుకున్నాం. బావమరిది ఈద్‌కు వచ్చి ఇది మకానా ఖండహరా అన్నాడు. ఛత్ మీది తారు, సిమెంట్ దించితే కడీలు ఊపిరి పీల్చుకున్నట్టు పైకి లేచాయని చాచా అన్నాడు, నా కంటికైతే కనిపించలేదు. పుచ్చిన రెండింటికీ పాత టేకు అతికించాడు. పర్నాలాలు తెరిచాం. గిలాబా ఖర్చు సిమెంట్‌కు అయ్యేదానికి రెండింతలు దాటింది. తర్వాతి బర్సాత్‌లో దాలాన్ గోడ కింద మాత్రం కొద్దిగా రంగు మారింది, ఎండకు ఆరిపోయింది.

సరిచేయలేనిది ఒకటి మిగిలింది. సెహన్‌కు అవతలి వైపు గోడ అసలు గోడ కాదు. గిలాబా తీస్తే అందులో సగం కమాన్ కనిపించింది. ఒకప్పుడు దాలాన్ అటువైపు కూడా సాగేది. 1948 పోలీస్ యాక్షన్, 1949లో జాగీర్ల రద్దు తర్వాత ఆమ్దనీ పోయిన ఖాందాన్లు ఈ గల్లీలో చాలా ఉన్నాయట. పెద్దాయన ఇంతెకాల్ అయ్యాక అన్నదమ్ములు విరాసత్ తక్సీమ్ చేసుకుని కమాన్‌లో సరిగ్గా సగానికి నాలుగు అంగుళాల ఇటుక గోడ లేపారు. బునియాద్ లేదు, షాబాద్ బండల మీద నుంచే లేపారు. ఒక తాక్ కూడా సగానికి కోసుకుపోయింది. మిగతా సగం పక్కింటివాళ్ల బావర్చీఖానాలో ఉంది, అందులో వాళ్లు మసాలా డబ్బాలు పెట్టుకుంటారు. ఒకరోజు చాయ్‌కి పిలిచి చూపించారు. వాళ్ల వైపు ఆ గోడకు ఇంకా సిమెంటే ఉంది, నిగనిగలాడే టైల్స్‌తో. అక్కడ ఆగిన చెమ్మ ఇటుకలోంచి మా వైపు కొత్త చూనా మీదికి వస్తోంది.