అణువుల కాటా

జహీరాబాద్ వైపు చెరకు లారీని తూచాలంటే కాటా ఎక్కిస్తే సరి. నిండు బండి తూకంలోంచి ఖాళీ బండి తూకం తీసేస్తే చెరకెంతో తేలుతుంది. రక్తంలోని ప్రోటీన్ అణువు అలా లొంగదు. దాన్ని ఆవిరిలా లేపాలి, విద్యుదావేశం ఎక్కించాలి, శూన్యంలో పరుగెత్తించాలి. ఒకే తోపుకు తేలికది ముందు చేరుతుంది, బరువుది వెనకపడుతుంది. ఆ తేడాతోనే తూకం. మాస్ స్పెక్ట్రోమీటర్ చేసే పని ఇదే. పెద్ద ప్రోటీన్లను లేపబోతే మాత్రం ముక్కలయ్యేవి. ఏళ్ల తరబడి చిక్కు అక్కడే.

ఆ చిక్కు విప్పినవాళ్లలో ఒకడు కోయిచి తనాకా, క్యోటోలోని షిమాజు కంపెనీ ఇంజనీరు. చదివింది ఎలక్ట్రికల్, పీహెచ్‌డీ లేదు. 1985 ఫిబ్రవరిలో కోబాల్ట్ నుసిలో పొరపాటున గ్లిజరిన్ కలిపేశాడు. పొడి ఖరీదైంది, పారబోయడానికి మనసొప్పలేదు. జపాన్‌లో దీన్ని ‘మొత్తాయినాయ్’ అంటారు, మన ఇళ్లలో ‘దండగ’ అన్నట్టు. గ్లిజరిన్ త్వరగా ఆరుతుందని లేజర్ కొడుతూ కూర్చుంటే, విటమిన్ బి12 చెదరకుండా లేచింది. 1987 కల్లా ప్రోటీన్లూ లేచాయి, 2002లో నోబెల్ వచ్చింది. ల్యాబుల్లో నేడు వాడే లేజర్ పద్ధతి ‘మాల్డీ’ మాత్రం జర్మన్లు హిల్లెన్‌క్యాంప్, కారాస్‌లది. ఆ బహుమతి మీద గొణుగుడు అందుకే. అదే ఏడు నోబెల్ పంచుకున్న జాన్ ఫెన్ సన్నని సూదిలోంచి, అధిక వోల్టేజీతో ద్రావణాన్ని తుంపరగా చిమ్మించాడు. మందుల ల్యాబుల్లో రాజ్యం ఈ తుంపరదే.

ఈ కాటా మన పరువునూ తూచింది. జహీరాబాద్ నుంచి హైదరాబాద్ పోయే దారిలోనే పటాన్‌చెరు. అప్పట్లో రెండూ మెదక్ జిల్లావే. అక్కడ సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు చేరే శుద్ధి కేంద్రం నీటిని స్వీడన్ పరిశోధకులు ఈ కాటాతోనే పరీక్షించి, 2007లో లెక్క చెప్పారు: లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్. శుద్ధి చేసి వదిలిన నీళ్లవి!

మాస్ స్పెక్ట్రోమీటర్ ఖరీదైన యంత్రం, యూనివర్సిటీల్లో విభాగానికొకటి కొనడం అయ్యే పని కాదు. కొన్నా శూన్య పంపులు, నైట్రోజన్, ఏసీ రాత్రింబవళ్లు నడవాలి, చేయి తిరిగిన మనిషి ఉండాలి. అందుకే 1974లోనే కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ఉమ్మడి పరికరాల పథకం పెట్టింది. హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో జాతీయ మాస్ స్పెక్ట్రోమెట్రీ కేంద్రమే వెలిసింది. ఉమ్మడి కాటా అంటే వరుస తప్పదు. సీరం గొట్టాలు ఐసు డబ్బాలో పెట్టుకొచ్చిన విద్యార్థిని ముందు అడగాల్సింది, ‘ఉప్పు తీసేశావా?’ అని. ఉప్పు మిగిలితే తుంపర చెడుతుంది, వెనక వరుసలో ఉన్నవాళ్ల రోజూ చెడుతుంది.