నలుగురు వీరుల తొలి సంచిక

1961 నవంబరు తేదీతో, 10 సెంట్ల వెలకు అమెరికాలో వెలువడిన 'ఫెంటాస్టిక్ ఫోర్' కామిక్స్ తొలి సంచిక, డీసీ సంస్థవారి 'జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా' విజయానికి పోటీగా పుట్టినదే అయినా, వీరుల బృందమంటే కీచులాడుకునే కుటుంబమన్న ఊహకు బలమిచ్చింది. స్టాన్ లీ రచనలో, అనుమతి లేకుండా రాకెట్టెక్కిన నలుగురు విశ్వకిరణాల తాకిడికి లోనై, నేలకు దిగాక రూపం మారగా, ముందే ప్రమాదాన్ని హెచ్చరించి పిరికివాడనిపించుకున్న బెన్ గ్రిమ్, వికృతరూపుడై చెట్టు పెరికి మిత్రుడైన రీడ్ మీదికే ఎత్తుతాడు. సంచికకు ప్రాణం ఈ ఘట్టమే.

భూగర్భవాసి మోల్ మ్యాన్‌తో పోరాడే ఉత్తరార్ధం మాత్రం ఈ సంచికను ప్రచురించిన సంస్థ అప్పటికే విరివిగా అచ్చువేస్తున్న రాక్షసకథల అచ్చులోనే పోతపోసినట్టుండి, హడావుడిగా ముగుస్తుంది.

జాక్ కర్బీ బొమ్మల్లో బెన్ దేహం తరువాతి కాలపు రాతిపలకల పేర్పులా కాక, తడిమట్టి ముద్దలా ఉంటుంది. ఇంకింగ్, అనగా పెన్సిలు గీతలను సిరాతో దిద్దే పని, చేసినవారి పేరు సంచికలో లేదు. ముఖచిత్రంపై వీధిని చీల్చుకొచ్చిన భూతం పిడికిట్లో బృంద సభ్యురాలు సూ సగం మాయమవుతుండగా, రీడ్ తాళ్లతో బంధితుడై ఉంటాడు. ఆ తాళ్లు బిగించినదెవరో లోపలి కథ చెప్పదు! బృందానికి ప్రత్యేక దుస్తులు మూడవ సంచికలో గానీ రాలేదు.