కుందేళ్ల మీద కొట్లాట

1859 చివర్లో ఇంగ్లండు నుంచి మెల్‌బోర్న్ చేరిన ఓడలోంచి 24 కుందేళ్లు దిగాయి. వేట సరదా కోసం థామస్ ఆస్టిన్ అనే భూస్వామి తెప్పించుకున్నవి. యాభై ఏళ్లు తిరిగేసరికి అవి ఆస్ట్రేలియాలో చాలా భాగాన్ని ఆక్రమించాయి. గొర్రెలకు మేత కరువైంది, పచ్చిక పోయిన నేల గాలికి ఎగిరిపోయింది.

1887లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం ఈ పీడ వదిలించే ఉపాయానికి 25,000 పౌండ్ల బహుమతి ప్రకటించింది. లూయీ పాశ్చర్ కోళ్ల కలరా క్రిములతో తన మనుషులను సిడ్నీకి పంపాడు. జబ్బు కుందేలు నుంచి కుందేలుకు సరిగా పాకకపోగా పక్షులకూ ముప్పని తేలడంతో ప్రతిపాదనలను పరిశీలించే కమిషన్ ఒప్పుకోలేదు. పశ్చిమ ఆస్ట్రేలియా 1901-1907 మధ్య 3,256 కిలోమీటర్ల మేర కంచెలు వేసింది. అవి పూర్తికాకముందే కుందేళ్లు దాటేశాయి.

ఈలోగా కుందేలు వేలమందికి బతుకుతెరువైంది. ఉచ్చులు పన్నేవాళ్లు, మాంసం ఎగుమతిదారులు, బొచ్చు టోపీలు చేసేవాళ్లు దాని మీదే ఆధారపడ్డారు. 1919లో బ్రెజిల్ శాస్త్రవేత్త అరగావ్ కుందేళ్లను చంపే మిక్సోమా వైరస్ వాడమన్నప్పుడు ఈ వ్యాపారం కూడా అడ్డొచ్చింది. 1930లలో వైద్యురాలు జీన్ మాక్‌నమారా పట్టువదలకుండా వాదించారు. చివరకు 1950లో వైరస్‌ను వదిలారు. దోమలు దాన్ని నదీలోయల వెంట మోసుకెళ్లాయి, కోట్ల కుందేళ్లు చచ్చాయి.

అదే వేసవిలో మిల్డూరా ప్రాంతంలో మనుషులకు మెదడువాపు సోకింది. ఇది కుందేళ్ల వైరసేనని జనం భయపడ్డారు. అప్పుడు బర్నెట్, ఫెన్నర్, క్లూనీస్ రాస్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఆ వైరస్‌నే తమ ఒంట్లోకి ఎక్కించుకున్నారు. ముగ్గురికీ ఏమీ కాలేదు. ఈ కథలో అత్యంత గౌరవించదగిన ఘట్టం ఇదే. అయితే కళ్లు వాచి, గుడ్డివై, రోజుల తరబడి నరకయాతన పడి చచ్చే కుందేళ్ల సంగతేమిటన్న జంతుప్రేమికుల ప్రశ్న అప్పుడూ న్యాయమైనదే, ఇప్పుడూ న్యాయమైనదే.

కొన్నేళ్లకే కుందేళ్లు రోగాన్ని తట్టుకోవడం మొదలైంది. రెండో ఆయుధంగా కాలిసి వైరస్‌ను వార్డాంగ్ ద్వీపంలో పరీక్షిస్తుండగా 1995లో అది తప్పించుకుని ప్రధాన భూభాగానికి పాకింది. 1997లో న్యూజిలాండ్ ప్రభుత్వం అదే వైరస్‌కు అనుమతి నిరాకరిస్తే, కొందరు రైతులు దొంగచాటుగా తెచ్చి పొలాల్లో చల్లారు. వాళ్ల నష్టం నిజమే. కానీ దేశమంతటి తరఫున నిర్ణయం తీసుకునే హక్కు వాళ్లకు లేదు.

2017 మార్చిలో ఆస్ట్రేలియా మరో రకం వైరస్‌ను వదిలింది. ఈసారి ముందుగా ప్రజల అభిప్రాయాలు అడిగింది, పెంపుడు కుందేళ్లకు టీకాలు వేయించమని యజమానులకు చెప్పింది. వాదానికి దక్కాల్సిన ఆ కనీస మర్యాద దక్కడానికి ఒకటిన్నర శతాబ్దం పట్టింది.